తలలు అడిగిన వంతెన

మొన్న మా మనవడు ఫోను తెచ్చి నా ముఖం ముందు పెట్టాడు. "అవ్వా, ఇది మీ ఊరి బ్రిడ్జే గదా" అన్నాడు. చూస్తే మా ఊరికి పైన, నల్లమలలో లోయ మీద కట్టిన వంతెనే. నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న కుర్రవాడొకడు దాని మీద అటూ ఇటూ నడుస్తూ, ఇన్నేళ్ళయినా ఈ వంతెన బీటలివ్వకపోవడానికి కారణం పునాదుల్లో పెట్టిన పసిపిల్లల తలలేనని చెబుతున్నాడు. పక్కన మా ఊరి ముసలాయన ఒకడు నిలబడి అవునవునని తల ఊపుతున్నాడు. చిన్నప్పుడు తనను కూడా పట్టుకుపోబోయారట, దేవుడి దయ వల్ల తప్పించుకున్నాడట. ఆయన నాతో కలిసి మూడో తరగతి చదివినవాడే. ఆ తలను నిజంగానే పునాదిలో వేసి ఉంటే వంతెన మొదటి వానకే కూలిపోయేది, అందులో గట్టి సరుకు ఏనాడూ లేదు.

ఆ వీడియోను వేలమంది చూశారని మా మనవడు గొప్పగా చెప్పాడు. చూస్తారు మరి. నిజం ఎవడికి కావాలి? ఫోను అవతల పెట్టమని కసిరాను. వాడు బిక్కముఖం వేసుకుని పోయాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

మా ఊరు ఆళ్ళగడ్డ నుంచి కొండల వైపు పోయే దారిలో ఆఖరి ఊరు. ఆ దారి మా ఊళ్ళో అయిపోవడం తప్ప మా ఊరికి వేరే గొప్ప ఏమీ లేదు. ఊరు దాటి కొంచెం ఎక్కితే లోయ. అంచున నిలబడి తొంగిచూస్తే అడుగున వంక నీళ్ళు సన్నగా మెరిసేవి. అవతలి గట్టు మీద మనిషి నిలబడితే వాడు వేసుకున్న చొక్కా రంగు కూడా కనబడేది గానీ, వాడి దగ్గరకు పోవాలంటే దిగి ఎక్కేసరికి పొద్దు తిరిగిపోయేది. చింతపండు మూటలు, తేనె డబ్బాలు, కట్టెల మోపులు అన్నీ మనుషుల నెత్తి మీదనే వచ్చేవి. అటువంటి చోట కాంక్రీటుతో వంతెన కడతారని, అదీ కింద స్తంభాలు లేకుండా విల్లు వంపులో కడతారని తెలిసినప్పుడు మా ఊరి పెద్దలు ముందు నవ్వారు. తర్వాత లారీలు వచ్చాయి. రేకుల షెడ్లు లేచాయి. అప్పుడు అదే పెద్దలు పొద్దున్నే పంచె ఎగగట్టుకుని పోయి సిమెంటు బస్తాల మీద కూర్చుని ఇంజనీర్లకు సలహాలు చెప్పడం మొదలుపెట్టారు. ఇంట్లో మంచం కోడు విరిగితే కింద రాయి పెట్టుకుని ఏళ్ళ తరబడి పడుకునే మనుషులు వీళ్ళు.

ఆ ఏడాదంతా మా ఊరు వాసనలతో నిండిపోయింది. తడి సిమెంటు వాసన, రాళ్ళు పేల్చిన మందు వాసన, కొత్త సర్వి కట్టెల వాసన. లోయ రెండు వైపులా కొండ గోడల్లోంచి రెండు చేతులు చాచినట్టు వంపు మొదలైంది. మధ్యలో అవి కలిసేదాకా పడిపోకుండా కింద కట్టెలతో, వెదుళ్ళతో ఒక అడవినే నిలబెట్టారు. దాన్ని సెంట్రింగు అనేవారు. పనివాళ్ళు దాని మీద కోతుల్లా పాకుతుంటే చూడ్డానికి మేం పిల్లలం శెనక్కాయలు జేబుల్లో పోసుకుని పోయేవాళ్ళం.

వంతెన పనివాళ్ళ క్యాంపులో వంటవాడు మలయాళీ. కొబ్బరినూనెతో వండేవాడు. తలకు రాసుకునే నూనెతో కూర చేసే మనిషిని మా ఊరు అంతకుముందు చూడలేదు. ఆ వాసనకు పెద్దలంతా ముక్కు మూసుకునేవారు. ఆయన అరటికాయ చక్రాలు వేయించి తట్టలో పోస్తే మాత్రం, రుచి ఎట్లుందో చూద్దామని, ముక్కు మూసుకున్న చేత్తోనే తీసుకుని తినేవారు. మా నాయన కూడా తిన్నాడు. మా నాయన మా చర్చిలో సంఘ పెద్ద. ఆదివారం పూట ఆశ మంచిది కాదని నలుగురికీ చెప్పే మనిషి. సోమవారం చక్రాల పొట్లం తువ్వాలులో చుట్టుకుని ఇంటికి తెచ్చి, ఎవరికీ చెప్పొద్దని మాకు పెట్టేవాడు. అవి తింటూ ఆయనను చూసి నవ్వుకునేదాన్ని. అప్పట్లో ఆయనంటే నాకు చాలా ఇష్టం.

వంతెన తలలు అడుగుతుందన్న మాట ఎవడు పుట్టించాడో తెలియదు. పెద్ద కట్టడం ఏదైనా నిలబడాలంటే బలి ఇవ్వాలట, ఇంత పెద్దదానికి పొట్టేళ్ళు చాలవట, పసిపిల్లల తలలే కావాలట. అసలు ఆ మాటను ఆపగలిగిన వాళ్ళు క్యాంపు మనుషులు. వాళ్ళు ఆపకపోగా ఇంకా ఊదారు. పిల్లలు ఇసుక కుప్పల మీద పొర్లడం, ఇనుప ముక్కలు ఎత్తుకుపోవడం వాళ్ళకు తలనొప్పిగా ఉండేది. మేం కనబడితే చాలు కాంట్రాక్టరు గుమస్తా మీసం తిప్పుతూ, రాండి రాండి, ఇంకా రెండు తక్కువగా ఉన్నాయి అని పిలిచేవాడు. తన తెలివికి తానే మురిసిపోయేవాడు. చదువుకున్నవాడి ఎకసెక్కం, చదువులేనివాడి భయం రెండూ కలిస్తే ఏమవుతుందో ఆ మూర్ఖుడికి తెలియదు.

మేం పిల్లలం కూడా తక్కువ తినలేదు. నేనూ, నా స్నేహితురాలూ ఒక సాయంత్రం గోనెసంచి తలమీద కప్పుకుని కంది చేనులో దాక్కున్నాం. ఊరి పెద్దాయన కొడుకు, వీడియోలో తల ఊపాడే ఆయనే, చెంబు పట్టుకుని వచ్చాడు. మేం లేచి నిలబడేసరికి చెంబు, చెప్పులు అక్కడే వదిలి పరిగెత్తాడు. మర్నాటికి ఊళ్ళో ఆ సంచి ఇద్దరు మీసాల మనుషులైంది, సాయంత్రానికి జీపైంది. పట్టుకుపోబోతే తప్పించుకున్నానన్న ఆయన గొప్ప సాహసం ఇదే. మేం ఆ చెంబును బావి గట్టున పెట్టి వచ్చేశాం.

ఇక మా అత్త సంగతి చెప్పాలి. ఆమె మా నాయనకు అక్క. ఊరి బడికి ఆమె ఒక్కతే పంతులమ్మ. పెళ్ళయిన ఏడాదిలోనే మామ పోతే పుట్టింటికి వచ్చి, ట్రైనింగు చదివి, మిషను బడిలో ఉద్యోగం తెచ్చుకుంది. మా నాయనను పదో తరగతి దాకా చదివించింది ఆమే, పెళ్ళి చేసింది ఆమే. మా ఇంటి పక్కనే చిన్న కొట్టంలో ఉండేది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తెల్లచీర. కోపం వస్తే గొంతు పెంచకుండా తగ్గించేది, అదే మాకు ఎక్కువ భయం.

ప్రతి క్రిస్మస్‌కు ఆమె పిల్లలతో నాటకం వేయించేది. హిందువుల పిల్లలు, మా పిల్లలు అందరూ అందులో ఉండేవారు. తూర్పు నుంచి వచ్చే జ్ఞానులకు, రాజుకు, దేవదూతలకు అట్టతో కిరీటాలు చేసేది. ఏటా ఆ కిరీటాలు జారి ముక్కు మీదకి వచ్చేవి. అంతకుముందు ఏడాది ఒక జ్ఞాని అట్లా కళ్ళు కనబడక నడిచి పశువుల తొట్టిలో పడ్డాడు. జనం నవ్వారు. ఈసారి అట్లా జరగకూడదని ఆమె పట్టు పట్టింది. క్యాంపులో కాగితాలు చుట్టి వచ్చే మందపాటి అట్టలు ఉంటాయని విని, తానే పోయి చిన్న ఇంజనీరును అడిగింది. ఆయన సరేనని, ఒకరోజు జీపులో ఊరి మీదుగా పోతూ ఆమె కొట్టం ముందు ఆగి, అట్టలు వచ్చే వారం పంపుతానని చెప్పిపోయాడు. ఆ జీపును ఊరంతా చూసింది.

ఆ మర్నాడు ఆమె పురికొస తీసుకుని పిల్లలందరి తలలూ కొలిచింది. ఒక్కొక్కరి కొలతకు ఒక ముడి వేసి, ఎవరి దారం ఎవరిదో తెలిసేందుకు దానికి ఒక రంగు గుడ్డపీలిక కట్టి, గోడకు మేకు మీద వేలాడదీసింది. నా దారానికి ఎర్రపీలిక. ఆమె వేళ్ళు నా చెవుల వెనక చల్లగా తగలడం నాకు ఇప్పటికీ గుర్తే. అంతా అయ్యాక, "ఇంట్లో చెప్పగాకండి. పండగ నాడు చూసి వాళ్లు నోరు తెరవాల" అంది. ఆమెను ముంచింది ఆ ఒక్క మాటే.

పిల్లలు చెప్పకుండా ఉంటారా? సగమే చెప్పారు. పంతులమ్మ నా తల కొలిచింది, ఏంటికో చెప్పగూడదంట. ఈ రెండు ముక్కలు చాలు మా ఊరికి. ఆ రాత్రే తల్లులు గోడకు వేలాడే దారాలను కిటికీలోంచి చూసి వచ్చారు. తెల్లారేసరికి మా అత్త క్యాంపువాళ్ళకు తలలు బేరం మాట్లాడిన మనిషైంది. నిప్పు లేనిదే పొగ వస్తుందా అన్నారు. తమ పిల్లలకు ఓనమాలు నేర్పింది, జ్వరం వస్తే మాత్రలిచ్చింది, జాబులు చదివిపెట్టింది, ఇవేవీ ఎవరికీ గుర్తు రాలేదు. అంత తేలికగా మరిచిపోగల మనుషులకు చదువు చెప్పి ఆమె బతుకు వృథా చేసుకుందని నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

చావడిలో పంచాయితీ పెట్టారు. పెద్దాయన మంచం మీద, మిగతా వాళ్ళు అరుగు మీద. మా పాస్టరయ్య ఒక మూల కూర్చుని గోళ్ళు చూసుకుంటున్నాడు. ఆయన పక్కన మా నాయన. నేను గోడ పక్కన నిలబడి చూస్తున్నాను. మా అత్త కిరీటాల సంగతి చెప్పింది. అరుగు మీద నవ్వులు పుట్టాయి. కిరీటాలుంటే చూపించమన్నారు. అట్టలే ఇంకా రాలేదు, ఏం చూపిస్తుంది? ఇంజనీరును పిలిపిద్దామంది. దొంగకు దొంగ సాక్ష్యమా అన్నారు. దేనికైనా సమాధానం ముందే తయారుగా ఉన్నవాళ్ళతో వాదించి లాభం లేదు.

మా పక్క పంచాయితీలన్నీ తేలేది ప్రమాణంతో. హిందువులైతే గుడి ముందు దీపం ఆర్పుతారు, మావాళ్ళైతే గ్రంథం మీద చెయ్యి పెడతారు. పెద్దాయన గ్రంథం తెప్పించాడు. ఒక్క మాట చెప్పి పొమ్మన్నాడు. అదంతా తన దయ అన్నట్టు మాట్లాడాడు. ఒట్టు వేయకూడదని ఆ గ్రంథమే చెబుతుందన్నది మా అత్త నమ్మిన మాట, మాకు బళ్ళో నేర్పిన మాట కూడా. ఆమె చేతులు కొంగులో ముడిచిపెట్టుకుంది.

"నేను అబద్దాలకోరునైతే బుక్కు మీద చెయ్యి పెట్టి గూడా అబద్దం చెప్తా. కాకుంటే చెయ్యి పెట్టేది ఏంటికప్పా?" అంది.

ఆ మాట విన్నాక మనిషి సిగ్గుపడాలి. మా ఊరు కోప్పడింది. ప్రమాణానికి వెనకాడిందంటే తప్పు చేసినట్టే కదా అని అరుగంతా ఒక్కటైంది. పాస్టరయ్య ఈ విషయం ప్రార్థనలో పెడదామన్నాడు. ఆయన జీవితమంతా అన్నీ ప్రార్థనలోనే పెట్టాడు, ఒక్కటీ బయటికి తీయలేదు. అప్పుడు మా నాయన లేచాడు. అక్క తరఫున మాట్లాడతాడని నా గుండె ఉబ్బింది. ఆయన నేలచూపులు చూస్తూ, "అక్కా, ఒక్క మాటే గదా. పెట్టి వచ్చేయ్" అన్నాడు. ఆమె ఆయన వంక చూసి కొట్టానికి పోయింది.

మర్నాటి నుంచి బడికి ఒక్క పిల్ల కూడా రాలేదు. ఆమె పొద్దున్నే గంట కొట్టేది. తలుపులు తీసి, నల్లబల్ల తుడిచి, కుర్చీలో కూర్చునేది. మధ్యాహ్నం మళ్ళీ గంట కొట్టి, సాయంత్రం తాళం వేసుకుని పోయేది. మా అమ్మ రొట్టెలు కాలుస్తుంటే ఆ గంట వినబడేది. నన్ను కూడా పంపలేదు. ఎందుకని నేను ఏడిస్తే మా నాయన చేను కాడికి నడవమన్నాడు. బడి ఖాళీగా ఉంటే మూసేస్తామని నంద్యాల మిషను ఆఫీసు నుంచి ఆమెకు కబురు వచ్చింది. ఆ బడి పోతే ఆమెకు ఊళ్ళో ఏమీ మిగలదని నాకు కూడా తెలుసు.

ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చింది. మేం జొన్నరొట్టె, ఉల్లికారం తింటున్నాం. గడప దాటకుండా నిలబడింది. అంతకుముందు ఎప్పుడూ ఆమె మా ఇంట్లో ఏమీ అడగలేదు.

"నీ కూతురిని పంపు. ఒక్క పిల్ల కూర్చుంటే మిగతా వాళ్లు వస్తారు" అంది.

మా నాయన రొట్టె తుంచుతూనే ఉన్నాడు. తుంచిన ముక్కలు కంచంలో పోగుపడుతున్నాయి గానీ ఒక్కటీ తినలేదు. "నాలుగు దినాలు పోనీలే అక్కా. ఊరు సల్లబడనీ" అన్నాడు. నేను లేచి ఆమె దగ్గరికి పోబోతే మా అమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. మా అత్త నా వంక చూసి, కంచం ముందు నుంచి లేవగూడదు అని మెల్లగా చెప్పి వెళ్ళిపోయింది. ఎంత పిరికివాడు మా నాయన అనుకున్నాను. ఆ పొద్దు నుంచి ఆయన తెచ్చిన చక్రాలు నేను ముట్టలేదు.

పండగకు కొన్నాళ్ళ ముందు, ఒక మిట్టమధ్యాహ్నం, లోయలో కట్టెలు విరిగిన చప్పుడు ఊరిదాకా వినిపించింది. సెంట్రింగు ఒక పక్క ఊడిపోయి, దాని మీద పనిచేస్తున్న ఇద్దరు కూలీలు లోయ అడుగున పడి చచ్చిపోయారు. ఇద్దరూ పాలమూరు నుంచి వచ్చినవాళ్ళు. పైకి తెచ్చేసరికి పొద్దు కుంకింది. పూడ్చడానికి చోటు చూపించమని క్యాంపువాళ్ళు అడిగితే, పరాయి శవాలు మా శ్మశానంలో వద్దని పెద్దాయన అన్నాడు. పాస్టరయ్య సంఘ కమిటీని అడగాలన్నాడు. చివరికి క్యాంపు వెనక రాళ్ళ మధ్య గుంత తీశారు. మా ఊరి నుంచి అక్కడికి పోయింది మా అత్త ఒక్కతే. చచ్చిపోయినవాళ్ళలో ఒకడి భార్యను తన కొట్టానికి తెచ్చుకుంది. ఆ అమ్మాయి రాత్రంతా ఏడవడం మా ఇంట్లోకి వినబడింది. నేను దుప్పటి చెవులమీదకి లాక్కున్నాను.

ఇప్పుడు చెప్పబోయేది మా ఊరి అసలు రంగు. మర్నాడు ఊళ్ళో ముఖాలు విప్పారాయి. పీడ పోయిందన్నారు. వంతెనకు కావలసినవి దొరికాయి, ఇక మన పిల్లల జోలికి రాదని నిర్ణయించారు. పెద్దాయన ఇంట్లో బొరుగులు, బెల్లం పంచిపెట్టారు. ఆ సోమవారం పిల్లలందరూ తలలకు నూనె రాసుకుని, జడలు వేసుకుని బడికి వచ్చారు. నన్నూ పంపారు. కొందరు తల్లులు గోంగూర కట్టలు, కోడిగుడ్లు కొంగున కట్టుకుని వచ్చి మా అత్త ముందు పెట్టారు. ఏమీ జరగనట్టే మాట్లాడారు. ఇక భయం లేదు పంతులమ్మా, బాగా చెప్పు అని ఒకామె దీవించింది కూడా.

మా అత్త కుర్చీలోంచి లేచింది. గొంతు బాగా తగ్గించి, "ఆ ఇద్దరూ ఎవురి పిల్లోళ్లమ్మా?" అంది.

పెద్దాయన భార్య, "మన పక్కోళ్లు కాదులే పంతులమ్మా" అంది. ఆమెను ఓదార్చినట్టే అంది. మా అత్త ఆ గుడ్లనూ గోంగూరనూ ఎవరివి వాళ్ళకు తిరిగి ఇచ్చేసి, తలుపు వేసి, మాకు ఎక్కాలు చెప్పింది. ఆ ఏడు నాటకం వేయలేదు. పరీక్షలదాకా ఒక్కరోజు కూడా మానకుండా చెప్పి, తానే అడిగి సున్నిపెంట వైపు బడికి మార్పించుకుని పోయింది. ఆమె బడి నిలిచింది. రెండు శవాల మీద నిలిచిన బడిలో ఆమె ఉండలేకపోయింది. ఆ తేడా అర్థమయ్యే మనిషి మా ఊళ్ళో ఒక్కరూ లేరు.

వంతెన పూర్తయింది. ప్రారంభానికి పందిరి వేశారు, మైకులు పెట్టారు. ఈ వంతెన కోసం తాము ఎన్ని త్యాగాలు చేశామో పెద్దాయన మైకులో చెప్పాడు. త్యాగం అన్న మాట విని ఆయన మెడలో దండ వేశారు. మా నాయన రెండో వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు. లోయ మీద మొదటి బస్సు పోతుంటే ఊరంతా కేకలు వేసింది. నిజం చెప్పాలంటే వంతెన చాలా అందంగా ఉంది. అంత అందమైనదాన్ని అటువంటి ఊరి పక్కన కట్టడం దండగ అనిపించింది.

చాలా ఏళ్ళ తర్వాత మా నాయనకు గొంతు జబ్బు చేసింది. ఆసుపత్రికి దగ్గరని నంద్యాలలో మా ఇంటికి తెచ్చుకున్నాను. కబురు పెడితే మా అత్త సున్నిపెంట నుంచి వచ్చింది. జుట్టు పూర్తిగా నెరిసింది, నడుము మాత్రం వంగలేదు. వచ్చీరాగానే చేతులు కడుక్కుని ఆయనకు గంజి కాచింది. రోజూ మంచం పక్కన కూర్చుని చెంచాతో తాగించేది. చిన్నప్పుడు కూడా ఇట్లే తినేవాడని నాతో చెప్పి నవ్వేది. పాత మాటలు వాళ్ళ మధ్య ఏమీ రాలేదు. అంతా మరిచిపోయారని, అక్కాతమ్ముళ్ళ మధ్య ఏ మచ్చా మిగల్లేదని సంతోషపడ్డాను.

ఒక మధ్యాహ్నం ఆమె గంజి పడుతోంది. నేను గుమ్మంలో బియ్యం ఏరుతున్నాను. మా నాయన ఆమె మణికట్టు పట్టుకుని ఆపాడు. పీలగొంతుతో, ఒక్కొక్క మాటే కూడబలుక్కుని అడిగాడు.

"అక్కా, ఇంగ నేను ఎవురికీ చెప్పను. నిజం చెప్పు. అప్పుడు ఆ తలలు ఏంటికి కొలిచినావ్?"

చేట నా చేతుల్లో అట్లే ఆగిపోయింది. మా అత్త గిన్నెలో మిగిలిన గంజి అడుగుదాకా తాగించి, కొంగుతో ఆయన మూతి తుడిచింది. గిన్నె కడిగి బోర్లించింది. సంచి సర్దుకుంది. నేను బస్టాండు దాకా పోయాను. ఏడుపు ఆపుకోలేక ఏదేదో అన్నాను, ఆయన మతి చెడి అడిగాడన్నాను. ఆమె నా మాట విననట్టే, "వానికి గంజి పల్చగా కాచు. మెతుకు తగిలితే గొంతు దిగదు" అని చెప్పి బస్సెక్కింది. ఆయన పోయినప్పుడు కబురు పెట్టాను గానీ రాలేదు.

అంతకాలమూ మా నాయనను పిరికివాడనే అనుకున్నాను. పిరికివాణ్ణి క్షమించవచ్చు, నేను ఎప్పుడో క్షమించేశాను కూడా. ఆయన నన్ను ఇంట్లో ఆపింది ఊరికి భయపడి కాదు. తనను పెంచి, చదివించి, పెళ్ళి చేసిన అక్క నా తల కోసం దారం ముడివేసిందని ఊరందరిలాగే నమ్మాడు. ఆమె చేతి గంజి తాగుతూ కూడా నమ్మాడు. నన్ను కాపాడుకున్నాననుకుంటూనే పోయాడు.